చిత్తకార్తెలో కళింగపట్నం తీరానికి వారం వాతావరణ సూచన చదివే పద్ధతి

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి ఉద్దానం కొబ్బరినీ జీడినీ వేళ్లతో పెకలించింది. మూడూ చిత్తకార్తె మొదలయ్యే రోజుల్లోనే. గులాబ్ కాస్త ముందు వచ్చింది. 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో దాటింది. చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే అనూరాధలో అడిగినంత పంట అని వరి అన్నదని పెద్దల సామెత. అందులో వానకంటే గాలికే భయపడడం ఈ తీరంలో ఉన్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

జూలైలో వారం సూచన తెరిస్తే చూసుకోవాల్సింది వాన ఉందా లేదా అన్నదే. అక్టోబరులో అది చాలదు. ఇది ఎన్నో రోజు సూచన, గాలి ఎటు తిరగబోతోంది, తుపాను దారికి మన ఊరు ఏ పక్కన ఉంది, ఈ మూడూ తేల్చుకోవాలి. కింద చెప్పేదంతా కళింగపట్నాన్ని మధ్యలో పెట్టుకుని రాసింది. అటు భావనపాడు, బారువలకూ, ఇటు విజయనగరం జిల్లా కోనాడ, చింతపల్లి తీరానికీ కొద్ది తేడాలతో ఇదే లెక్క.

ఏది చూడాలి, ఎప్పుడు చూడాలి

వాతావరణ శాఖ అమరావతి కేంద్రం రోజూ జిల్లాలవారీ సూచన ఇస్తుంది. తుపాను వేళల్లో మన తీరానికి విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ ముఖ్యం. జిల్లా సూచన, హెచ్చరికలు ‘మౌసమ్’ యాప్‌లో దొరుకుతాయి. పొద్దున లేవగానే చూసే సూచన చాలాసార్లు నిన్న మధ్యాహ్నం తయారైనదే. మధ్యాహ్నం దాటాక కొత్తది వస్తుంది కాబట్టి మర్నాటి పనులకు కూలీలకు కబురు పెట్టేముందు సాయంత్రం ఒకసారి చూసుకోండి. ఫార్వర్డు అయి వచ్చే ఫోటోలో తేదీ, సమయం లేకపోతే అది ఎంత రంగురంగులుగా ఉన్నా పక్కన పెట్టేయండి. ప్రతి అక్టోబరులోనూ పాత తుపాను పటాలు కొత్తవాటిలా తిరుగుతుంటాయి.

ఎక్కువమంది పొరబడేది ఒక చోట ఉంది. వాతావరణ శాఖకు రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు కాదు, ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. ‘మొదటి రోజు: భారీ వర్షం’ అని ఉండి, సాయంత్రం దాకా ఎండ కాసి, రాత్రి రెండింటికి కుండపోతగా కురిస్తే ఆ సూచన తప్పలేదు, ఆ వాన మొదటి రోజుదే. బుధవారం ఉదయం ప్రకటించే వర్షపాతం కూడా మంగళవారం ఉదయం 8:30 నుంచి లెక్కించినది. తూర్పుగాలులు మొదలయ్యాక ఈ తీరంలో వాన ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే పడుతుంది కాబట్టి ఈ 8:30 గీత మనకు మరీ అవసరం.

మాటల వెనక కొలతలు

బులెటిన్‌లో ప్రతి మాటకూ ఒక అంకె ఉంది. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వాన. 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు. 64.5 నుంచి 115.5 వరకు భారీ. 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ. 204.5, ఆపైన అత్యంత భారీ. ‘మోస్తరు’ అని తేలిగ్గా తీసుకోకండి. 60 మిల్లీమీటర్లు కూడా మోస్తరులోకే వస్తుంది, కానీ అదంతా రెండు గంటల్లో పడితే గెడ్డ (వాగు) పక్కన పల్లపు మడి మునుగుతుంది. ఎకరా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 40,000 లీటర్ల నీరు. 60 అయితే ఎంతో మీరే లెక్క కట్టుకోవచ్చు.

చోటు చెప్పే మాటలకూ కొలత ఉంది. జిల్లాలో నాలుగో వంతు కేంద్రాల వరకు పడితే ‘ఒకటి రెండు చోట్ల’. సగం వరకు అయితే ‘కొన్ని చోట్ల’. ముప్పావు వంతు దాకా ‘చాలా చోట్ల’. అది కూడా దాటితే ‘దాదాపు అన్నిచోట్లా’. ఈ రెండు రకాల మాటలూ కలిపి చదవాలి. ‘చాలా చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు, ఒకటి రెండు చోట్ల భారీ’ అంటే మీ ఊళ్లో తడవడం దాదాపు ఖాయం, భారీ వాన పడటం మాత్రం అదృష్టాన్ని బట్టి. ఆ భారీ వాన ఆమదాలవలసలో పడి కళింగపట్నంలో చినుకులతో సరిపెట్టినా సూచన నిజమైనట్టే. అంతకంటే జాగ్రత్తగా చదవాల్సింది ‘కొన్ని చోట్ల భారీ, ఒకటి రెండు చోట్ల అతి భారీ’ అన్న వాక్యాన్ని. ‘భారీ’ ముందు ‘కొన్ని చోట్ల’ వచ్చిందంటే అది మామూలు ఉరుముల వాన కాదు, దాని వెనక అల్పపీడనమో వాయుగుండమో ఉంటుంది.

హెచ్చరికకు వేసే రంగులు వాన ఎంతో చెప్పవు, మనం చేయాల్సింది చెబుతాయి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి. నారింజ అంటే సిద్ధం కండి. ఎరుపు అంటే కదలండి. నారింజ రంగు చూసి ‘ఎరుపు కాదు కదా’ అని కూర్చుంటే చేతిలో ఉన్న మంచి వెలుతురు రోజు పోతుంది. సిద్ధం కావాల్సిన రోజు అదే.

ఫోన్లో ఉండే మామూలు యాప్ ‘60 శాతం’ అంటే రోజులో 60 శాతం సేపు కురుస్తుందని కాదు, ఊళ్లో 60 శాతం చోట్ల తడుస్తుందని కూడా కాదు. అక్కడ కాస్తయినా వాన పడే అవకాశం పదింట ఆరు అని. ఎంత పడుతుందో ఆ అంకె చెప్పదు. పక్కనే మిల్లీమీటర్ల అంకె ఉంటుంది, దాన్ని చూడండి.

మీ ఊరి వానకు మీ సొంత కొలత పెట్టుకోవడం చాలా తేలిక. అడుగు సమంగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చాలు. పైకి వెడల్పయ్యే బకెట్టు పనికిరాదు, దానిలో లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఆరుబయట, దగ్గరి చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో, మట్టి చిందకుండా అడుగు ఎత్తున కదలకుండా పెట్టండి. ఉదయం 8:30కి స్కేలు ముంచి మిల్లీమీటర్లు చూసి, పారబోసి మళ్లీ పెట్టండి. ఆలస్యం చేస్తే ఎండకు ఆవిరై తక్కువ వస్తుంది. రెండు అక్టోబరులు ఇలా రాసిపెట్టుకుంటే, జిల్లా సూచనలో అంకెకూ మీ పెరట్లో పడే వానకూ ఉన్న సంబంధం మీకే తెలిసిపోతుంది.

ఏడు రోజులూ ఒక్క నమ్మకంతో చదవకూడదు

మొదటి రెండు రోజుల సూచనను పట్టుకుని పని పెట్టుకోవచ్చు. మూడు, నాలుగు రోజులది సర్దుబాటుకు. ఏ రోజు వాన అన్నది సుమారుగా నిలుస్తుంది, ఏ పూట అన్నది నిలవదు. ఐదు నుంచి ఏడో రోజు వరకు చూడాల్సింది ఒక్కటే, బంగాళాఖాతంలో ఏదైనా పుడుతోందా అన్నది. ఆరో రోజుకు యాప్ ‘42 మిల్లీమీటర్లు’ అని చూపిస్తే ఆ 42ని మర్చిపోండి. ఆ పూటకు ఏదో కదలిక ఉందని గుర్తుపెట్టుకుని రేపు మళ్లీ చూడండి. వరసగా మూడు రోజులు అదే తేదీకి అదే మాట నిలిచిందంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. రోజుకో తేదీకి జరిగిపోతుంటే అది ఇంకా తేలలేదన్నమాట.

సముద్రంలో వాయుగుండం పుట్టే అవకాశాన్ని వాతావరణ శాఖ వచ్చే ఏడు రోజులకు రోజువారీగా చెబుతుంది. ‘లేదు’ కాకపోతే మూడు మెట్లు: 33 శాతం వరకు తక్కువ, 34 నుంచి 67 వరకు మధ్యస్థం, 68 నుంచి ఎక్కువ. ప్రతి గురువారం రెండు వారాల ముందుచూపు కూడా ఇస్తారు. అక్టోబరులో ఈ గురువారం కాగితం చదివే అలవాటు చేసుకోండి. మధ్యస్థం అని కనిపించిన రోజు నుంచి చివరి మూడు రోజుల వాన బొమ్మలన్నీ మారిపోతాయి, ఎందుకంటే ఆ వ్యవస్థ ఎటు వెళితే వాన అటే.

తుపాను దారి గీతను జనం సన్నని తాడులా చూస్తారు. దాన్ని ఒక శంఖువులా చూడాలి. 24 గంటల ముందు వేసిన అంచనాలో కేంద్రం చోటు సగటున 70, 80 కిలోమీటర్లు తేడా రావచ్చు. 72 గంటల ముందు అయితే ఆ తేడా 150 దాటుతుంది. శ్రీకాకుళం జిల్లా తీరం మొత్తం పొడవు 193 కిలోమీటర్లు. అంటే మూడు రోజుల ముందు ‘కళింగపట్నం దగ్గర’ అని గీత కనిపిస్తే అది ఇచ్ఛాపురం దాటి గంజాం అవ్వచ్చు, భీమిలి కూడా అవ్వచ్చు. గీత మన మీద లేదని ఊపిరి పీల్చుకోవడం, ఉందని బెంబేలెత్తడం, అప్పటికి రెండూ తొందరపాటే. ఒక రోజు ముందు గీతను మాత్రం గట్టిగా పట్టుకోండి.

సముద్రంలో ఏమీ లేని మామూలు వారం

నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకు దేశం నుంచి వెనక్కి తగ్గుతాయి. ఈశాన్య రుతుపవనాలు తమిళనాడు తీరాన్ని అక్టోబరు 20 ప్రాంతంలో తాకుతాయి. ఈ రెండింటి నడుమ ఉత్తర కోస్తాలో నిలకడైన గాలి ఉండదు. తెల్లారి ఒడ్డు మీద కొండగాలి చల్లగా సముద్రం వైపు వీస్తుంది. పదీ పదకొండుకు అది ఆగిపోయి ఉక్కపోత మొదలవుతుంది. కాసేపటికి సముద్రపు గాలి ఎక్కుతుంది. పగలు 31, 33 డిగ్రీలే ఉన్నా తేమ వల్ల ఒళ్లు జిడ్డు కారుతుంది.

మధ్యాహ్నం రెండింటికి పడమటి వైపు చూడండి. తూర్పు కనుమల మీద తెల్లటి మబ్బు కాలీఫ్లవర్‌లా పైకి పొంగుతూ, తల చదునుగా విచ్చుకుంటుంటే మూడింటి నుంచి ఏడింటి మధ్య ఉరుములతో వాన వచ్చే వీలుంది. మబ్బు పొంగి అక్కడే చెదిరిపోతే ఆ రోజుకు భయం లేదు. ఇలాంటి వానను జిల్లా సూచన ‘ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులు’ అని మాత్రమే చెప్పగలదు. మీ ఊరి మాట చెప్పేది మూడు గంటల తక్షణ సూచన, విశాఖ కైలాసగిరి రాడారు బొమ్మ. రాడారుకు కళింగపట్నం సుమారు 100 కిలోమీటర్ల దూరం. ఆ దూరంలో రాడారు కిరణం నేలకు ఒకటిన్నర కిలోమీటరు పైనుంచి పోతుంది కాబట్టి సముద్రం మీంచి వచ్చే పొట్టి మబ్బులు ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు గోపాల్‌పూర్ రాడారు దగ్గర.

విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం, అదీ మధ్యాహ్నం దాటాక. సరిగ్గా ఉరుముల వేళ. జాతరకు వెళ్లేవాళ్లు ఆ రోజు ఉదయం సూచన కంటే మధ్యాహ్నం తక్షణ సూచన చూసుకోవడం మంచిది.

పిడుగుల విషయంలో లెక్క చిన్నది. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరం. 30 సెకన్ల లోపు వచ్చిందంటే చేలోంచి లేచి పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. తాటిచెట్టు కింద, జీడితోటలో విడిగా ఉన్న చెట్టు కింద, గట్టు మీద గొడుగుతో నిలబడటం ప్రాణాంతకం. ‘దామిని’ యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పడే పిడుగులు చూపిస్తుంది. చేనుకు వెళ్లేవాళ్ల ఫోన్లలో అది ఉండాలి.

గాలిని చదవడం

వారంలో ఏ రోజైనా పదకొండు దాటాక కూడా సముద్రపు గాలి ఎక్కకుండా, ఈశాన్యం నుంచి గాలి ఒకే తీరుగా రోజంతా వీస్తుంటే బులెటిన్ తెరవాల్సిందే. ఒడ్డున నిలబడి గాలికి వీపు పెట్టండి. ఎడమ చెయ్యి పక్కకు చాపండి. మన అర్ధగోళంలో అల్పపీడన కేంద్రం ఆ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. ఈశాన్యపు గాలికి వీపు పెడితే మొహం నైరుతికి, ఎడమ చెయ్యి ఆగ్నేయానికి, అంటే నేరుగా సముద్రం మీదికి. ఈ పరీక్ష తెల్లవారుజామున చేస్తే తప్పు చూపిస్తుంది, అప్పుడు వీచేది కొండగాలి. చెట్ల చాటున, ఇళ్ల మధ్యన చేసినా అంతే. చిన్న కొమ్మలు ఆగకుండా ఊగేంత గాలి ఉన్నప్పుడు, బయలులో చేస్తేనే నిలుస్తుంది.

ఫోన్లో పీడనం చూపే సెన్సర్ ఉంటే మరో సాక్ష్యం దొరుకుతుంది. ఇక్కడ పీడనం రోజుకు రెండుసార్లు దానంతట అదే పెరిగి తగ్గుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగుకు తక్కువ, తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. అందుకని ఉదయం అంకెతో సాయంత్రం అంకెను పోల్చి కంగారు పడకండి. నిన్న ఇదే గంట అంకెతో పోల్చండి. 24 గంటల్లో మూడు మిల్లీబార్లు మించి తగ్గి, గాలి ఈశాన్యంలోనే నిలిచి ఉంటే సముద్రంలో ఏదో బలపడుతోంది.

అసలు విషయం తుపాను దారికి ఏ పక్కన ఉన్నామన్నది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంది. తుపాను ఎక్కువగా ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వస్తుంది. దాని చుట్టూ గాలి గడియారం ముళ్లకు ఎదురు తిరుగుతుంది. కేంద్రం మనకు దక్షిణంగా దాటితే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, అక్కడి నుంచి ఆగ్నేయానికి మారుతుంది. అది సముద్రాన్ని తోసుకుంటూ ఒడ్డు మీదికి వచ్చే గాలి. ఉప్పెన అటే. కేంద్రం మనకు ఉత్తరంగా దాటితే గాలి ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు మారుతుంది. అది ఒడ్డు మీంచి సముద్రంలోకి పోయే గాలి, నీటిని వెనక్కి తోస్తుంది. హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటినప్పుడు శ్రీకాకుళం తీరమంతా మొదటి పక్కన ఉంది. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటినప్పుడు రెండో పక్కన ఉంది. తిత్లీ పలాస దగ్గర దాటడంతో జిల్లా రెండుగా చీలింది. సోంపేట, కవిటి సముద్రపు గాలి పక్కన, కళింగపట్నం నేల గాలి పక్కన పడ్డాయి. అందుకే ‘శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటుతుంది’ అన్న ముక్క విని ఊరుకోకూడదు. మీ ఊరికి పైనా, కిందా అన్నది పట్టుకోండి. ఈ తేడా ఉప్పెనకే సుమా. చెట్లు కూల్చే గాలి కేంద్రానికి దగ్గరలో రెండు పక్కలా ఉంటుంది, వాన కూడా అంతే.

కేంద్రం నేరుగా మీ మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. ఒక్కోసారి ఆకాశం కూడా తేరుకుంటుంది. అది తుపాను కన్ను. అయిపోయిందనుకుని రేకులు సర్దడానికి, పడవ చూసుకోవడానికి బయటికి వెళ్లినవాళ్లు అక్కడే దెబ్బతింటారు. కాసేపటికి అదే బలంతో సరిగ్గా ఎదురు దిక్కు నుంచి గాలి కొడుతుంది. తొలి గాలికి ఒరిగిన చెట్టూ గోడా ఆ రెండో గాలికి కూలిపోతాయి. తుపాను దాటిందని అధికారికంగా చెప్పేవరకు గడప దాటవద్దు.

మెట్లు, ప్రమాద సూచికలు

ఉపరితల ఆవర్తనం అంటే పైన గాలి సుడి. అది కిందికి దిగితే అల్పపీడనం. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. పేరు పెట్టలేదు కదా అని వాయుగుండాన్ని తక్కువగా చూడొద్దు. గాలి తక్కువైనా మెల్లగా కదిలే వాయుగుండం రెండు రోజులు ఒకేచోట కురిసి వరిని ముంచగలదు. తుపాను గంటకు 20 కిలోమీటర్లతో దాటిపోతే కొన్నిసార్లు దానికంటే తక్కువ నీరే దించుతుంది. కాబట్టి బులెటిన్‌లో ‘గత ఆరు గంటల్లో గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో కదిలింది’ అన్న వాక్యం వెతకండి. 10 లోపు ఉంటే వానకు సిద్ధపడండి.

కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఎగరేసే సూచికల అంకె అందరూ చెబుతారు, అర్థం మాత్రం చాలామందికి తెలియదు. 1, 2 దూరంగా సముద్రంలో ఏర్పడిందని. 3, 4 స్థానికంగా ఈదురుగాలులు వస్తాయని. 5, 6, 7 తుపానుకు. 8, 9, 10 తీవ్ర తుపానుకు. 5, 8 అంటే రేవు తుపాను దారికి ఎడమన ఉంటుందని. 6, 9 అంటే కుడిన ఉంటుందని. 7, 10 అంటే నేరుగా రేవు మీదుగానో దగ్గరగానో పోతుందని. పైన చెప్పిన పక్కల లెక్క ఇక్కడ అంకెలోనే ఉంది. మన తీరంలో దారికి కుడి అంటే సముద్రపు గాలి పక్క. అందుకే 8 నుంచి 9కి మారిందంటే ఒక మెట్టు పెరిగినట్టు కాదు, ఉప్పెన ఊరి వైపు తిరిగినట్టు. 11 అయితే హెచ్చరికల కేంద్రంతో సంబంధం తెగిపోయిందని, గడ్డు పరిస్థితి అని అర్థం.

వేటకు

గాలి గంటకు 35–45, విసురులో 55 కిలోమీటర్లు అని మత్స్యకారుల హెచ్చరిక వచ్చిందంటే నాటుపడవ కదపకూడదు. హెచ్చరిక లేని రోజున కూడా హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అల ఎత్తు చూడాలి. అక్కడ రాసే ఎత్తు సగటు లాంటిది, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. రెండు మీటర్లని రాస్తే మధ్యమధ్యలో నాలుగు మీటర్లకు దగ్గరగా ఒకటి వస్తుంది, పడవను తిరగేసేది అదే. అల ఎత్తు పక్కన సెకన్లు కూడా ఉంటాయి. 12 సెకన్లు దాటితే ఎక్కడో దూరాన పుట్టిన అల. ఇక్కడ ఆకు కదలకపోయినా వంశధార మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర అది నిలువునా లేస్తుంది. ఆటు వేళ నది నీరు బయటికి పోతూ ఆ అలకు ఎదురైతే మొగ మరీ ప్రమాదం. ఆటు తిరిగి పోటు మొదలయ్యేదాకా బయట ఆగడం మేలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ ఎక్కుతుంది కాబట్టి, తుపాను దాటే వేళ పోటు వేళతో కలుస్తోందా అన్నది పంచాంగం పక్కన పెట్టుకుని చూడండి. పడవలు లాగేటప్పుడు ఆ రోజు పోటు గీత దాకా కాకుండా ఇంకా పైకి లాగి, ఇంజను విప్పి, వలలు ఇంటికి చేర్చాలి.

చేనుకు

స్వర్ణ, 1064, శ్రీకాకుళం సన్నాలు వంటి వరి రకాలు ఈ రోజుల్లో పొట్ట, ఈనిక, పూత దశల్లో ఉంటాయి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా ‘మేఘదూత్’ యాప్‌లో జిల్లాకు విడిగా ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. వచ్చే 24 గంటల్లో మోస్తరు వానకు మించి ఉంటే యూరియా ఆపండి. గట్లు పొర్లితే వేసినదంతా గెడ్డలోకే. మందు కొట్టాక కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు వాన లేకుండా ఉండాలి. పూత దశలో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం వరకు పువ్వు విచ్చుకుని ఉంటుంది కాబట్టి అప్పుడు కొట్టకూడదు, సాయంత్రమే మంచిది. కానీ సాయంత్రమే ఉరుముల వేళ కూడా. అంచేత పడమట మబ్బు పొంగని రోజును ఎంచుకోవాలి.

నారింజ రంగు వచ్చిన రోజు వాన మొదలయ్యేలోపు మడుల్లో నీరు తీసేసి, గట్లకు గండ్లు తెరిచి, కాలువలో తూటికాడ, గుర్రపుడెక్క లాగేయండి. వాన మొదలయ్యాక ఆ పని జరగదు. ముందే కోసిన స్వల్పకాలిక రకం పనల మీద ఉంటే, ఒక్క రోజు వ్యవధి దొరికినా కుప్ప వేసి టార్పాలిన్ కప్పండి. మెరక చోటు చూసి, కింద ఎండుకొమ్మలు పరచాలి. పనలు తడిసిపోయి ఎత్తడానికి వీల్లేకపోతే మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేయాలి. ఎకరాకు 200 లీటర్ల నీరు పడితే 10 కిలోల ఉప్పు. పలచగా కలిపితే పని చేయదు. వాన ఆగిన మొదటి పూటే కొట్టాలి, మొలక కనిపించాక కొట్టి లాభం లేదు.

ఉద్దానంలో కొబ్బరికి ముదిరిన కాయలు, ఎండిన మట్టలు ముందే దింపుకోండి. ఇంట్లో పైట్యాంకు నింపడం, ఫోన్లు ఛార్జింగు పెట్టడం, రేకుల మీద బరువులు కట్టడం పసుపు రంగు రోజునే చేసుకోవాలి. తిత్లీ తర్వాత ఉద్దానంలో కరెంటు లేక బోర్లు తిరగక తాగునీటికే కటకటలాడారు. విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్లు 1070, 112.

వాన ఆగాక వచ్చే నీరు

వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. తీరంలో ఎండ కాస్తున్నా రాయగడ, గజపతి జిల్లాల్లో కురిసిన వాన ఆ తర్వాతి రోజు మన దగ్గరికి వస్తుంది. తుపాను తీరం దాటి బలహీనపడుతూ ఆ కొండల మీదే నీరంతా దించుతుంది. కాబట్టి కళింగపట్నం, గార వాళ్లు వారం సూచనలో శ్రీకాకుళంతోపాటు ఒడిశా దక్షిణ జిల్లాలకు ఏమి రాశారో కూడా చదవాలి. అక్కడ ‘అతి భారీ’ అని ఉంటే వంశధారకు గొట్టా బ్యారేజీ దగ్గర, నాగావళికి తోటపల్లి దగ్గర వదిలే క్యూసెక్కులు పూటపూటా కనుక్కోండి. బారువ వాళ్లకు మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వాళ్లకు బాహుదా ఉన్నాయి. ఇవి పొట్టి నదులు, కొండ మీద కురిసిన కొన్ని గంటల్లోనే పొంగుతాయి, ఒక రోజు వ్యవధి కూడా ఇవ్వవు.

వరద దిగాక మొగ దగ్గర ఇసుక మేట చోటు మారిపోయి ఉంటుంది. పాత దారినే పడవ తోలితే అడుగు తగులుతుంది. మొదటి రోజు ఆటు వేళ ఒడ్డు నుంచి అల ఎక్కడ విరుగుతోందో చూసి, విరగని చోటును గుర్తు పెట్టుకుని, మర్నాడు పోటు మీద ఖాళీ పడవతో కర్ర దింపి లోతు చూసుకుంటూ కొత్త దారి తీసుకోవాలి.